కొబ్బరి తోటలో కాసిన కోకోతో చాక్లెట్: కాయ కోత నుంచి కౌంటర్ దాకా

రాజోలు వైపు గానీ తణుకు వైపు గానీ ఏ కొబ్బరి తోటలోకి దిగినా, చెట్ల వరసల మధ్య మానుకే కాయలు కాసిన పొట్టి చెట్లు కనిపిస్తాయి. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అందులోనూ పెద్ద వాటా గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటలదే. ఇంత పండుతున్నా కోనసీమలోని దిండి వచ్చిన చుట్టపుచూపు జనం తిరుగు ప్రయాణంలో పూతరేకులో కాజాలో కొనుక్కెళ్తారు తప్ప ఇక్కడి చాక్లెట్ అడగరు. అడిగినా దొరికే చోట్లు తక్కువ. గింజ బస్తాలకెక్కి కంపెనీలకు పోతుంది, మళ్లీ మనకు పాన్‌షాపు ఫ్రిజ్‌లోనే కనిపిస్తుంది.

ఆ మధ్యలో జరిగే పనంతా ఒక గదిలో, ఇద్దరు మనుషులతో చేసుకోవచ్చు. గింజలో లోపం లేదు. హైదరాబాద్‌లోని ‘మనం చాక్లెట్’ అనే కంపెనీ వాళ్లు పశ్చిమ గోదావరి గింజతోనే చేస్తున్నారు. వాళ్ల కార్ఖానా 2024లో టైమ్ పత్రిక ఎంచిన ప్రపంచంలోని గొప్ప ప్రదేశాల్లో ఒకటి.

మెషిన్ల ధరలు వాకబు చేసే ముందు ఒక మాట. చాక్లెట్ రుచి సగానికి పైగా పులియబెట్టే పెట్టెలోనే తేలిపోతుంది. బార్ మెరుపు, విరిచినప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు గదిలో తేమని బట్టి ఉంటాయి. డెల్టాలో మొదటిది మన చేతిలో పని. రెండోదానితో మాత్రం రోజూ కుస్తీయే. మీ డబ్బు, మీ ఓపిక ఈ రెండు చోట్ల పెట్టండి. మధ్యలో పనిని గ్రైండర్ చూసుకుంటుంది.

కాయ కోయడం, పగలగొట్టడం

పచ్చ కాయ పసుపు రంగుకి తిరిగాకే కోయాలి. పువ్వు పట్టిన దగ్గర్నుంచి కాయ పండటానికి ఐదారు నెలలు పడుతుంది, తొందర పడి లాభం లేదు. సగం పండిన కాయలో గుజ్జుకు తీపి ఉండదు, తీపి లేకపోతే పులుపు ఎక్కదు. మరీ ముగ్గితే గింజలు కాయలోనే మొలకెత్తుతాయి. కోసేటప్పుడు కత్తి మానుకి తగలకూడదు. వచ్చే కాపు పువ్వు అదే బుడిపె మీద వస్తుంది. కాయని పట్టి మెలిపెట్టి లాగేవాళ్లని తోటలోకి రానివ్వకండి.

ఉడతలు కొరికినవి, వానల్లో నల్లమచ్చ వచ్చి కుళ్లినవి పక్కన పడేయండి. లోపల గింజలు బాగానే ఉన్నాయి కదా అని కుళ్లు కాయలోవి కలిపితే మొత్తం పెట్టెకి ఆ వాసన పడుతుంది.

పగలగొట్టడానికి కత్తి వద్దు, కర్ర చాలు. కత్తి గింజని కూడా కోసేస్తుంది, కోసిన గింజలోకి బూజు దూరుతుంది. కాయ నడుమ గట్టిగా ఒక దెబ్బ వేస్తే రెండు చిప్పలవుతుంది. తెల్ల గుజ్జు కప్పుకున్న గింజలు ముప్పై నలభై దాకా ఉంటాయి. నడిమి కాడ తీసేసి గింజలు మాత్రమే బకెట్‌లోకి జారవిడవండి. కడగకండి. ఆ గుజ్జే ముడిసరుకు.

కిలో ఎండు గింజకి సుమారు పాతిక కాయలు కావాలి. పచ్చి గింజ ఎండాక మూడో వంతు, మహా అయితే ఐదింట రెండు వంతులు మిగులుతుంది. మీకు తోట లేకపోతే రైతు దగ్గర పచ్చి గింజే కొనండి, ఎండుది కాదు. ఎండు గింజ కొంటే దాన్ని ఎలా పులియబెట్టారో మీకు తెలియదు. గోతాంలో కట్టి రెండు రోజులు మూల పడేసినది కూడా పైకి బాగానే కనిపిస్తుంది. రేటు దగ్గర మరీ బిగదీయొద్దు. 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా ఎగబాకిన ఎండు గింజ, మరుసటేడు సగానికి పడిపోయి రైతుల్ని రోడ్డెక్కించింది. ఏడాది పొడుగునా నిలకడగా నాలుగు రూపాయలు ఎక్కువిచ్చేవాడికే రైతు మంచి కాయ ఏరి పెడతాడు.

పులియబెట్టడం

యాభై కిలోల పైన పచ్చి గింజ ఉంటే చెక్కపెట్టె మేలు. అడుగున రసం కారడానికి రంధ్రాలుండాలి. ఇనప మేకులు లోపలికి పొడుచుకు రాకూడదు. వేప, టేకు లాంటి ఘాటు వాసన చెక్క కొత్తదైతే వాడకండి. అంత గింజ లేకపోతే వెదురు బుట్ట పద్ధతి ఉంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం చిన్న రైతుల కోసం చెప్పిన పద్ధతి ఇది. రెండు కిలోల నుంచి ఆరు కిలోల దాకా ఒక చిన్న బుట్టలో చేయొచ్చు. బుట్ట లోపల అరటాకులు పరిచి, రసం దిగడానికి ఆకుకి అక్కడక్కడ చిల్లులు పెట్టి, గింజ పోసి, పైన కూడా అరటాకులు కప్పి బరువు పెట్టాలి. ఒక రోజు అయ్యాక పైన మందపాటి గోనె కప్పాలి. అరటాకులకి మనకి కరువా!

లోపల జరిగేది ఇది. మొదట ఈస్టు గుజ్జులోని చక్కెరని తిని సారాగా మారుస్తుంది. ఆ సారాని గాలి తగిలాక ఇంకో రకం బ్యాక్టీరియా వెనిగర్‌గా మారుస్తుంది. ఈ రెండో దశలో వేడి 45 నుంచి 50 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి, ఆ పులుపుకి గింజ చచ్చిపోయి లోపలి వగరు తగ్గుతుంది, చాక్లెట్ వాసనకి పునాది పడుతుంది. అంటే గింజకి వేడి కావాలి, మధ్యలో గాలి కూడా కావాలి. అందుకే 48 గంటలకొకసారి, 96 గంటలకొకసారి మొత్తం తిరగేయాలి. అడుగుది పైకి, మూలలది మధ్యకి. ఆరో రోజుకి తీసేయొచ్చు.

ముక్కుని నమ్మండి. రెండో రోజు మూత తీస్తే కల్లు కుండ దగ్గర వచ్చే వాసన రావాలి. మూడు నాలుగు రోజులకి ముక్కు పుటాలు మండేటంత వెనిగర్ ఘాటు. ఆ ఘాటు తగ్గుతుండగా తీసేయాలి. అది దాటి పశువుల పాకలోలా కంపు మొదలైందంటే ఒక రోజు ఆలస్యమైనట్టే, ఆ లాటు చాక్లెట్‌కి పనికిరాదు. చలికాలం రాత్రుళ్లు పెట్టె వేడెక్కకపోతే గోనెలు ఇంకో రెండు కప్పండి. వంట థర్మామీటర్ ఒకటి గింజల నడుమ గుచ్చి ఉంచితే ఊహలతో పని ఉండదు.

ఎండబెట్టడం

రోడ్డు మీద ఎండబెట్టకండి. వడ్లు పోసినట్టు కోకో పోస్తే కుదరదు. కోకో గింజలో సగం వెన్నే, వెన్న పక్కనున్న ప్రతి వాసననీ పీల్చేస్తుంది. తారు, డీజిల్ పొగ, ఎండుచేపలు, పిడకల పొగ, ఏది తగిలినా రేపు బార్‌లో తెలుస్తుంది. అంతర్వేది వైపు సముద్రం పక్క ఊళ్లవాళ్లు చేపలు ఎండేసే చోటుకి దూరంగా పెట్టుకోవాలి.

నేలకి మూడడుగుల ఎత్తున వెదురు తడిక గానీ నైలాన్ వల గానీ బిగించి, పైన పారదర్శక పాలిథిన్ షీటుతో చిన్న గుడారంలా కట్టండి. వానకి పరుగులు తప్పుతాయి. మొదటి రోజు పలచగా కాక కొంచెం మందంగా పరవండి. పైపొట్టు ఒక్కసారిగా బిగుసుకుపోతే లోపలి పులుపు బయటికి పోలేక చాక్లెట్ పుల్లగా తగులుతుంది. రెండో రోజు నుంచి పలచగా పరిచి, గంట గంటకీ చేత్తో కలబెట్టండి. మంచి ఎండలో వారం పడుతుంది. తేమ ఏడు శాతానికి దిగాలి. మీటర్ లేకపోతే గుప్పెడు గింజలు పిడికిట్లో బిగించి చూడండి, గలగలమని విరుగుతున్నట్టు చప్పుడు రావాలి.

ఇప్పుడు కోత పరీక్ష. బస్తాలోంచి వంద గింజలు ఎక్కడివక్కడ తీసి, నిలువుగా కోసి తెల్ల కాగితం మీద వరసగా పెట్టండి. గోధుమ రంగులో, లోపల మడతలు మడతలుగా పగుళ్లు కనిపిస్తే బాగా పులిసినట్టు. ఊదా రంగు సగం పులిసినది. పలకలాగా నునుపుగా, బూడిద రంగులో ఉంటే అసలు పులవలేదు. కొద్దిగా ఊదా ఉన్నా ఫరవాలేదు, పలక గింజలు ఎక్కువ కనిపిస్తే ఆ లాటు వేయించి లాభం లేదు. బూజు, పురుగు ఉన్నవి లెక్క పెట్టి ఆ కాగితం మీదే తేదీ వేసి ఫోటో తీసి ఉంచుకోండి. ఆర్నెల్ల తర్వాత ఫలానా బార్ ఎందుకు బాగుంది అని వెతికేటప్పుడు ఇదే మీ దస్తావేజు.

వేయించడం, చెరగడం

ముందు ఏరండి. రాళ్లు, రెండు గింజలు అతుక్కున్నవి, చదునుగా పొల్లుపోయినవి తీసేయాలి. చిన్నవి ఒక వైపు, పెద్దవి ఒక వైపు చేసుకుంటే వేపు సమంగా వస్తుంది.

కిలో గింజ ఓవెన్ ట్రేలో ఒక్క పొరగా పరిచి 130 డిగ్రీల దగ్గర పాతిక నుంచి ముప్పై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు కలబెట్టాలి. మొదట వెనిగర్ వాసన వస్తుంది, కిటికీ తెరిచి ఉంచండి. తర్వాత కేకు కాలుతున్న వాసన, అక్కడక్కడ చిటపట. అప్పుడు ఒక గింజ తీసి నలిపితే పొట్టు దానంతటదే ఊడి రావాలి. మాడిన వాసన వచ్చేదాకా ఆగితే మీ తోట, మీ పులుపు, మీ ఎండ అన్నీ ఆ మాడులో కలిసిపోతాయి. దించిన వెంటనే ఫ్యాన్ కింద చల్లార్చండి, లేకపోతే లోపలి వేడికి ఇంకా వేగుతూనే ఉంటుంది.

చల్లారాక చపాతీ కర్రతో చితక్కొట్టండి. తర్వాతి పనికి విదేశాల వాళ్లు ప్రత్యేక మెషిన్ కొంటారు. మీకు చేట తిప్పడం తెలిసిన మనిషి ఒకరుంటే చాలు. చేటలో ఎగరేస్తూ టేబుల్ ఫ్యాన్ చిన్న స్పీడులో పక్కనుంచి పెడితే పొట్టు ఎగిరిపోతుంది, బరువైన పప్పు చేటలోనే పడుతుంది. పొట్టు మిగిలితే నోట్లో ఇసుకలా తగులుతుంది, గ్రైండర్ రాళ్లు కూడా అరుగుతాయి. కిలో గింజకి ఏడువందలు, ఏడువందల యాభై గ్రాముల పప్పు వస్తే పని బాగా జరిగినట్టు. పొట్టు పారేయకండి, మొక్కల మొదట్లో వేయండి. కుక్కలకి మాత్రం అందనివ్వకండి, కోకో వాటికి విషం.

రుబ్బడం

ఇక్కడ మన దేశానికి ఒక సౌకర్యం ఉంది. ప్రపంచంలో చిన్న చాక్లెట్ తయారీదారులు చాలామంది వాడే రాతి గ్రైండర్లు మన ఇడ్లీ పిండి గ్రైండర్ల నుంచి పుట్టినవే, తమిళనాడులో తయారవుతాయి. కానీ ఇంట్లో పిండి రుబ్బే గ్రైండర్ వాడకండి. దాని మోటారు, ప్లాస్టిక్ భాగాలు రెండు రోజులు ఆగకుండా తిరగడానికి చేసినవి కావు. పైగా రాళ్లలో నానిన మినప్పప్పు వాసన ఏం చేసినా పోదు. చాక్లెట్ కోసమే చేసిన మోడల్ తెప్పించుకోండి.

డార్క్ చాక్లెట్ కిలోకి లెక్క: పప్పు 650 గ్రాములు, కోకో వెన్న 50 గ్రాములు, పంచదార 300 గ్రాములు. అంటే 70 శాతం బార్. పాలది కావాలంటే పప్పు 280, కోకో వెన్న 200, పాలపొడి 200, పంచదార 320.

పప్పుని, గ్రైండర్ గిన్నెని ముందే వెచ్చబెట్టండి, హెయిర్ డ్రయ్యర్ చాలు. పప్పు ఒకేసారి కుమ్మరించకుండా గుప్పెడు గుప్పెడు వేయాలి. మొదటి పావుగంట పొడి, తర్వాత బురద, గంట గడిచేసరికి నల్లటి ద్రవం. గింజలోని వెన్న కరగడమే దీనికి కారణం, ఇందుకోసం మీరు నీళ్లో నూనో కలపనక్కర్లేదు. ఆ తర్వాత పంచదార. మిక్సీలో పొడి చేసి, ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర కాసేపు ఆరబెట్టి వేయండి. మన ఊళ్లలో డబ్బాలో పంచదార కూడా చెమ్మగిల్లి ఉంటుంది కదా. చాక్లెట్‌లో ఒక్క నీటి చుక్క పడినా ముద్దకట్టి గ్రైండర్‌లో రాయి ఆగిపోతుంది. తడి గరిటె, తడి చెయ్యి గ్రైండర్ దరిదాపుల్లోకి రాకూడదు.

మొదటి రోజు మూత కొంచెం తీసి పక్కన చిన్న ఫ్యాన్ పెట్టండి, మిగిలిన పులుపు ఆవిరైపోతుంది. రోజుకి మూడు నాలుగుసార్లు రుచి చూడండి. పులుపు తగ్గి చాక్లెట్ అనిపించగానే మూత పెట్టేయండి, ఇంకా ఉంచితే చప్పబడుతుంది. 48 గంటలకి రేణువు 20 మైక్రాన్ల చుట్టుపక్కలకి దిగుతుంది, నాలుకకి గరుకు తెలియదు. మెకానిక్ షాపులో వాడే స్క్రూగేజ్ ఒకటి కొనుక్కుంటే కొలిచి చూసుకోవచ్చు.

రాత్రి కరెంటు పోతే చాక్లెట్ రాళ్ల మధ్య గడ్డకడుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేసేయకండి, బెల్టు కాలిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో రాళ్ల చుట్టూ కరిగించి, చేత్తో తిప్పి వదులయ్యాక వేయండి. తుఫాను కాలంలో కొత్త బ్యాచ్ మొదలెట్టకపోవడమే మేలు, మొదలెడితే ఇన్వర్టర్ ఉండాలి.

బెల్లం వేద్దామా, కొబ్బరి వేద్దామా అని మొదటి రోజు నుంచే ఆలోచనలు మొదలవుతాయి. బెల్లం తేమ పీలుస్తుంది. తాటిబెల్లం పొడి బాగా ఎండినది అయితే పంచదారలో కొంత భాగం తీసి దాని బదులు వేసి చూడొచ్చు. కొబ్బరి నూనె మాత్రం వద్దే వద్దు. అది కోకో వెన్నతో కలిసి గట్టిపడదు, బార్ చేతికి అంటుకుంటుంది. కోకో వెన్న కాని నూనె ఐదు శాతం దాటితే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం దాన్ని చాక్లెట్ అని అమ్మకూడదు కూడా. కొబ్బరి కోరు వేయించి, పూర్తిగా ఆరాక బార్ వెనక చల్లితే రుచికి రుచి, అందానికి అందం. అవన్నీ మీ ఉత్త 70 శాతం బార్ కుదిరిన తర్వాత.

టెంపరింగ్, అచ్చులు

రుబ్బిన చాక్లెట్‌ని ట్రేలో పోసి గడ్డకట్టించి, రెండు మూడు వారాలు అలా వదిలేస్తే రుచి స్థిమితపడుతుంది. బార్ చేసే రోజు కావాల్సినంత కరిగించుకోండి.

కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. వాటిలో ఐదో రకం మాత్రమే మెరుస్తుంది, విరుగుతుంది, నోట్లో కరుగుతుంది కానీ చేతిలో కరగదు. దాన్నే రప్పించడాన్ని టెంపరింగ్ అంటారు. 48 డిగ్రీలకి పూర్తిగా కరిగించండి. 34, 35కి దిగాక, ఇంతకుముందు బాగా టెంపర్ అయిన చాక్లెట్ తురుము పదింట ఒక వంతు వేసి కలుపుతూ 28కి దించండి. మళ్లీ మెల్లగా 31, 32కి తెచ్చి అచ్చులో పోయండి. పాల చాక్లెట్‌కి చివరి వేడి 29, 30 చాలు. కత్తి కొనకి కొంచెం రాసి చూడండి. ఐదు నిమిషాల్లో చారలు లేకుండా గట్టిపడితే సరే, లేకపోతే మళ్లీ మొదటికి.

ఈ పని ఉక్కపోతలో కానే కాదు. ఏసీ గది కావాలి, 20, 22 డిగ్రీల దగ్గర, తేమ యాభై ఐదు శాతం లోపు. తేమ చూపించే చిన్న మీటర్ గోడకి తగిలించండి. జులైలో గోదావరి ఎర్రనీరు వచ్చే రోజుల్లో ఆ ముల్లు చూస్తేనే టెన్షన్ వస్తుంది. అప్పుడు గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ లేకుండా బార్లు పోయకండి. అచ్చుల్ని ఫ్రిజ్‌లో పెడితే పావుగంట మించొద్దు. తీసి నేరుగా బయటి గాలిలో పెడితే బార్ మీద నీటి బిందువులు పడతాయి. ఏసీ గదిలోనే మామూలు చల్లదనానికి రానిచ్చి, అక్కడే ఫాయిల్ చుట్టాలి.

బార్ మీద తెల్లబారిందంటే వేలితో రుద్దండి. వేలి వేడికి నునుపుగా చెరిగిపోతే అది వెన్న పైకి తేలిన మచ్చ, టెంపరింగ్ సరిగా కుదరలేదు లేదా ఎండ తగిలింది. రుద్దినా గరగరలాడుతూ అలాగే ఉంటే పంచదార బయటికి వచ్చింది, అంటే తేమ తగిలింది. మొదటిది కరిగించి మళ్లీ పోయొచ్చు. రెండోది డ్రింకింగ్ చాక్లెట్‌కి వాడుకోండి.

లేబుల్, అమ్మకం

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క బార్ కూడా అమ్మకండి. కవరు మీద దాని నంబరు, పదార్థాలు, బరువు, బ్యాచ్, తయారీ తేదీ, ఎమ్మార్పీ, ఆకుపచ్చ చుక్క, పాలు ఉంటే ఆ సంగతి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత లెక్కలతో రేటు వేయకండి. గింజ ఖర్చు మీరనుకున్నంత ఉండదు. డెబ్బై గ్రాముల డార్క్ బార్‌కి అరవై అయిదు గ్రాముల లోపే గింజ పడుతుంది. ఖర్చంతా కరెంటు, ఏసీ, ప్యాకింగ్, కూలీల మీదే పడుతుంది.

ఏడాది పనిని ఇలా సర్దుకోవచ్చు. ఎండాకాలం ఎండ పుష్కలం కాబట్టి పులియబెట్టడం, ఎండబెట్టడం అప్పుడు గట్టిగా చేసి గింజ నిలవ పెట్టుకోండి. వానల్లో ప్రయోగాలు, రుబ్బి గడ్డలు పోసుకోవడం. బార్లు డిసెంబరు, జనవరిలో. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి వచ్చేవాళ్లు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చేవాళ్లు, అంతా అప్పుడే కదా ఇక్కడుంటారు. వాతావరణం కూడా చాక్లెట్‌కి అనుకూలం.

తోట పక్కనే యూనిట్ ఉంటే వచ్చినవాళ్ల ముందు ఒక పండుకాయ పగలగొట్టి గింజ చేతికివ్వండి. తెల్ల గుజ్జు చప్పరిస్తే చాక్లెట్ రుచి అసలు తెలియదు, సీతాఫలానికి నిమ్మరసం పిండినట్టు ఉంటుంది. పిల్లలు ముందు మొహం చిట్లించి, తర్వాత ఇంకోటి అడుగుతారు. పక్కనే వేయించిన పప్పు, ఆ తర్వాత బార్. ఈ మూడూ వరసగా నోట్లో పడ్డవాళ్లు రేటు గురించి బేరమాడటం తక్కువ.

మార్చి నుంచి జూన్ దాకా బార్లు కౌంటర్‌లో తగ్గించి, ఎండకి తట్టుకునేవి పెట్టండి: వేయించిన కోకో పప్పు, కోకో పప్పు కలిపిన జీడిపప్పు అచ్చు, పాలల్లో కలుపుకునే తురుము. అయినా బార్లే కావాలనేవాళ్లకి థర్మాకోల్ డబ్బా, జెల్ ప్యాక్ డబ్బులు విడిగా తీసుకుని ఇవ్వండి, కారు డిక్కీలో పెట్టొద్దని చెప్పండి. కొరియర్ సోమవారం, మంగళవారం మాత్రమే వేయండి. శుక్రవారం వేసిన డబ్బా ఆదివారమంతా ఏ గోడౌన్ రేకుల కింద పడి ఉంటుందో మీకు తెలియదు.